డీర్ సీజన్ రైఫిల్‌కు మజిల్ బ్రేక్, దానిమీద బ్లాస్ట్ ష్రౌడ్ పెట్టించాలా?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ దగ్గర ఉంటున్నారు, డీర్ సీజన్ (జింకల వేట కాలం) కోసం .308 క్యాలిబర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నారు, రేంజ్‌లో ఒక పెట్టె కాల్చేసరికి భుజం నొప్పి పుడుతోంది. ఫ్రెండ్ ఒకాయన తన్ను తగ్గడానికి రైఫిల్ మూతికి మజిల్ బ్రేక్ బిగించుకో, పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా దానిమీద బ్లాస్ట్ ష్రౌడ్ తొడుగు అన్నారు. నా జవాబు సూటిగా చెబుతాను. వేటకు తీసుకెళ్లే .308కి బ్రేక్ వద్దు, రెండూ కలిపి అసలే వద్దు. నేనూ టెక్సస్‌లోనే చాలా ఏళ్లుగా కాలుస్తున్నాను, ఇంకా గట్టిగా తన్నే నా .300 విన్ మ్యాగ్ రైఫిల్‌కి బ్రేక్ ఉంది, .308కి లేదు, కావాలనే పెట్టించలేదు.

రైఫిల్ మనల్ని వెనక్కి తన్నడానికి బుల్లెట్ ఒక్కటే కారణం కాదండీ. లోపల కాలిన తుపాకీ మందు గ్యాస్ అవుతుంది, ఆ గ్యాస్‌కీ బరువు ఉంటుంది. .308లో 150 గ్రెయిన్ల (బుల్లెట్, మందు బరువు చెప్పే చిన్న కొలత) బుల్లెట్ వెనక దాదాపు 45 గ్రెయిన్ల మందు ఉంటుంది, ఆ బరువంతా గ్యాస్‌గా మారి బుల్లెట్ కంటే వేగంగా మూతిలోంచి బయటికి తన్నుకొస్తుంది. బ్రేక్ చేసే పనల్లా ఆ గ్యాస్‌ను నేరుగా ముందుకు పోనివ్వకుండా తన గోడలతో అడ్డుకుని పక్కలకు, కొంత వెనక్కి మళ్లించడం. గ్యాస్ ఆ గోడలను గుద్దినప్పుడు రైఫిల్ ముందుకు గుంజినట్టవుతుంది, ఆ మేరకు భుజం మీద తన్ను తగ్గుతుంది. అందుకే మందు ఎక్కువ పట్టే క్యాలిబర్లలోనే దీనివల్ల నిజమైన లాభం. .300 విన్ మ్యాగ్‌లో 70 గ్రెయిన్ల చుట్టూ ఉంటుంది కాబట్టి తేడా మొదటి షాట్‌కే తెలిసిపోతుంది. .50 క్యాలిబర్ బ్యారెట్ ఎం82 మూతి దగ్గర బాణం మొనలా వెడల్పుగా కనిపించేది కూడా బ్రేకే, అది లేకుండా ఆ తుపాకీని భుజానికి ఆనించి వరసగా కాల్చడం కష్టం.

ఇక ష్రౌడ్ సంగతి. అది బ్రేక్ చుట్టూ తొడిగే, ముందువైపు తెరిచి ఉన్న గొట్టం. పక్కలకు కొట్టే గ్యాస్‌ను మళ్లీ ముందుకు తోస్తుంది, కాబట్టి పక్క లేన్ వాడికీ మన మొహానికీ తగిలే దెబ్బ తగ్గుతుంది. కానీ గ్యాస్ పక్కలకు పోతేనే కదా బ్రేక్ పనిచేసేది! ష్రౌడ్ దాన్ని ముందుకు తిప్పిన క్షణంలో ఆ తోపు మళ్లీ మన భుజం మీదికే వస్తుంది. డబ్బు పెట్టి తెచ్చుకున్న లాభంలో చాలా భాగం మళ్లీ డబ్బు పెట్టి పోగొట్టుకున్నట్టు. మూతి దగ్గర పెరిగిన బరువు మాత్రం మిగులుతుంది. ష్రౌడ్ పనికొచ్చేది పొట్టి బ్యారెల్ ఏఆర్‌ల (ఏఆర్-15 తరహా రైఫిళ్ల) మీద, అదీ ఇండోర్ రేంజ్‌లో. వాటిలో వాడే 5.56 తూటాలో తన్ను ఎలాగూ తక్కువే కాబట్టి పోయేదేమీ ఉండదు, చప్పుడు ముందుకు పోవడం ఒక్కటే అక్కడ కావాల్సింది.

బ్రేక్ ఉన్న రైఫిల్ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో మీరు ఒకసారి చూడాలి. మా రేంజ్‌లో పైన రేకుల కప్పు, బెంచీల మధ్య చెక్క అడ్డు. ఎవరైనా బ్రేక్ ఉన్న మాగ్నమ్ పేల్చారంటే ఆ చెక్క అదురుతుంది, పక్క బెంచీ మీద దుమ్మూ, నూలు గుడ్డ ముక్కలూ లేచి కళ్లలో పడతాయి, టోపీ అంచు ఎగురుతుంది, గుండెల మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టు ఉంటుంది. అందుకే నేను .300 తీసుకెళ్లిన రోజు చివరి బెంచీ అడుగుతాను, పక్కవాళ్లకు ముందే చెబుతాను. నేలమీద బోర్లా పడుకుని కాల్చేవాళ్లయితే చుట్టూతా రంధ్రాలున్న బ్రేక్ కొనొద్దు, మట్టి మొత్తం మొహానికే వస్తుంది. రెండు పక్కలకే తెరిచి ఉన్నది నయం.

అసలు విషయం చెవులు. 140 డెసిబెల్స్ దాటితే ఒక్క పేలుడు కూడా చెవికి హాని చేయగలదు, మామూలు రైఫిల్ చప్పుడే అంతకంటే చాలా ఎక్కువ. బ్రేక్ దాన్ని కాల్చేవాడి చెవి దగ్గర ఇంకా పెంచుతుంది. రేంజ్‌లో లోపల ప్లగ్‌లు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. రెండో పొర వల్ల అదనంగా వచ్చేది ఐదు డెసిబెల్స్ చుట్టూనే అయినా బ్రేక్ ఉన్నప్పుడు అది వదులుకోకూడదు. కానీ అడవిలో జింక వచ్చి నిలబడినప్పుడు ఎంతమంది పెట్టుకుంటారు? అదీ మన టెక్సస్ బాక్స్ బ్లైండ్‌లో, అంటే వేటగాళ్లు దాక్కుని కూర్చునే చిన్న గదిలో, నాలుగు చెక్క గోడల మధ్య, మూతి కిటికీకి పూర్తిగా బయట లేకపోతే గ్యాస్ అంతా లోపలికే కొడుతుంది. పక్కన పిల్లవాడిని కూర్చోబెట్టుకుని వెళ్లే తండ్రులను చూశాను, దయచేసి బ్రేక్‌తో అలా వెళ్లకండి. గుయ్‌మనే మోత ఒకసారి చెవిలో స్థిరపడితే తీసేసే మందు లేదు. బ్రేక్ లేకపోయినా బ్లైండ్‌లో ఎలక్ట్రానిక్ మఫ్‌లు పెట్టుకోండి, ఆకు అలికిడి వినిపిస్తుంది, పేలుడు మాత్రం తగ్గిపోతుంది.

మరి భుజం నొప్పి? ముందు బెంచీ దగ్గర మీ కూర్చునే తీరు చూడండి. ముందుకు వంగి కూర్చుంటే బట్ (రైఫిల్ వెనక చివర) కాలర్ బోన్ మీదికి వస్తుంది, దెబ్బంతా ఎముకకే. కాస్త నిటారుగా కూర్చుని, రెస్ట్ ఎత్తు పెంచి, బట్‌ను భుజం గుంటలోకి గట్టిగా లాక్కోండి. స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీ చేతికి పొడవైతే స్పేసర్ (పొడవు పెంచే పలక) తీయించండి, గట్టి రబ్బరు ప్యాడ్ ఉంటే మెత్తటి మంచి ప్యాడ్ వేయించండి. ప్రాక్టీసుకు తక్కువ రీకాయిల్ లోడ్లు దొరుకుతాయి, వేటకు వాడే తూటాలతో సీజన్ ముందు జీరో (గురి పెట్టిన చోటే తగులుతోందా అన్నది) సరిచూసుకుంటే చాలు. పెట్టె మొత్తం ఒకే రోజు ఎందుకు, పది పదిహేను షాట్లు చాలు.

ఇవన్నీ చేశాక కూడా ఏదో ఒకటి బిగించాలనుకుంటే సప్రెసర్ (సైలెన్సర్ అనేదీ ఇదే) కొనండి. అది తన్నునూ చప్పుడునూ రెండింటినీ తగ్గిస్తుంది, అయినా చెవులకు రక్షణ మానొద్దు. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ఫొటో, ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి మాత్రం అలాగే ఉన్నాయి. ఒక ముఖ్యమైన మాట: హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు ఉంటేనే తుపాకీ దగ్గర ఉంచుకోవాలి, ఆ లైసెన్స్ గడువు దాటనివ్వకండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ష్రౌడ్‌ల జోలికి వెళ్లకండి. లోపల అడ్డ పలకలుంటే ఏటీఎఫ్ దాన్ని సైలెన్సర్‌గానో దాని భాగంగానో లెక్కగట్టవచ్చు. సిగ్ సావర్ అంత పెద్ద కంపెనీ తన ఎంపీఎక్స్ కార్బైన్ మీద పెట్టింది మజిల్ బ్రేక్ అని వాదించినా, అది సైలెన్సర్ భాగమేనన్న ఏటీఎఫ్ నిర్ణయాన్నే 2016లో ఫస్ట్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు సమర్థించింది.

మీ బ్యారెల్‌కు థ్రెడ్ ఉందా, రైఫిల్ బరువెంత, ప్యాడ్ ఏది ఉంది, ఇవి కామెంట్‌లో రాస్తే ప్యాడ్ సైజు చూసి చెబుతాను.