అపార్ట్‌మెంట్ చిట్టీ, సిప్, షాద్‌నగర్ ప్లాటు: నెలకు 12 వేలు మిగిలే ఇంటికి ఏది నయం?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నారు, ప్రైవేటు ఉద్యోగం, ఖర్చులు పోను నెలకు 12 వేలు మిగులుతున్నాయి. పాపకు మూడేళ్లు, వచ్చే జూన్‌లో బడికి 60 వేలు కట్టాలి. కింది అంతస్తు ఆంటీ లక్ష రూపాయల చిట్టీలో చేరమంటున్నారు, ఆఫీసులో స్నేహితులు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టమంటున్నారు, మామగారు షాద్‌నగర్ వైపు ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వమంటున్నారు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలని మీరు అనుకుంటున్నారు గానీ, ఏ డబ్బు ఎప్పుడు కావాలో ముందు తేల్చుకుంటే ఆ ఎంపిక దానంతట అదే తేలుతుందని నా అభిప్రాయం.

చిట్టీ గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నాకు బాగా తెలిసినది అదే. మా అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న రోజుల నుంచీ మా ఇంట్లో ఏదో ఒక చిట్టీ నడుస్తూనే ఉంది. ఇప్పటికీ నాకు రిజిస్టరైన కంపెనీలో ఒకటి ఉంది. లాభం ఎంత వస్తుందని అడిగితే చాలామంది సరిగ్గా చెప్పలేరు, ఎందుకంటే ఒకే చిట్టీ ముందు ఎత్తుకున్నవారికి అప్పు అవుతుంది, చివరిదాకా ఆగినవారికి పొదుపు అవుతుంది. నెలనెలా పోగైన సొమ్ముకు పాట పెడతారు, అందరికన్నా ఎక్కువ తగ్గించుకున్నవారు ఆ నెల ఎత్తుకుంటారు. లెక్క చూడండి. 20 మంది, నెలకు 5 వేలు, 20 నెలలు, లక్ష రూపాయల చిట్టీ అనుకుందాం. కమిషన్ 5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఈ జీఎస్టీని పాడుకున్నవారి సొమ్ములో కోస్తారనుకుందాం. మొదటి నెలలో ఒకరు 30 వేలు తగ్గించి పాడుకుంటే వారి చేతికి 69,100 వస్తాయి. తగ్గిన 30 వేలలో కమిషన్ 5 వేలు పోను 25 వేలు అందరికీ పంచుతారు కనుక ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 3,750. ఇలా పంచే సొమ్ము, అంటే డివిడెండ్, నెలనెలా తగ్గుతూ చివరి నెలకు సున్నాకు వచ్చిందనుకుంటే, మొదట ఎత్తుకున్నవారు మిగతా 19 నెలల్లో 83,750 కడతారు. అంటే వారు నెలకు నూటికి దాదాపు రెండున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో రూపాయి లోపు వడ్డీకే అప్పు దొరికే ఊరిలో ఇది చిన్న వడ్డీ కాదు.

అదే చిట్టీలో చివరిదాకా ఆగినవారు మొత్తం 87,500 కట్టి 94,100 తీసుకుంటారు; డబ్బు నిలిచిన నెలలను బట్టి చూస్తే ఇది ఏడాదికి 10 శాతం దగ్గర పడుతుంది. పాటలు మందకొడిగా సాగి మొదటి నెల 25 వేలకే పోతే, అదే లెక్కలో చివరివారికి వచ్చేది 6 శాతం దగ్గరకు దిగుతుంది, అంటే ఇంచుమించు బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) అంత. కనుక చిట్టీలో మీ రాబడిని నిర్ణయించేది ఆ గుంపులో డబ్బు అవసరం పడ్డవారు ఎందరున్నారన్నదే. ఇది కొంచెం కఠినంగా వినిపించవచ్చు, కానీ ఇతరుల ఇబ్బందే మన డివిడెండ్.

పాట జరిగే తీరు చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. మా కంపెనీ శాఖలో మొదటి రెండు మూడు నెలలు పాట అయిదు నిమిషాలు కూడా పట్టదు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ సభ్యుల టికెట్టు నంబర్లు చదివి పాట మొదలుపెట్టగానే ఒకరు ఒక్కసారిగా తగ్గించుకోగల గరిష్ఠ పరిమితికి వెళ్లిపోతారు, ఆ వెంటనే ఇంకో ఇద్దరు అదే అంకె చెబుతారు. అప్పుడు ఆ టికెట్టు నంబర్లను కాగితం ముక్కల మీద రాసి, మడిచి, డబ్బాలో వేసి కలిపి, అక్కడున్నవారిలో ఒకరి చేత తీయిస్తారు. ఒకసారి నంబరు రాని ఒక పెద్దాయన కూతురి పెళ్లి తారీఖు చెప్పి బతిమాలారు. ఆ సమయంలో ఎవరూ ఏమీ చేయలేరు, వచ్చే నెల దాకా ఆగవలసిందే. తేదీ ఖాయమైన అవసరానికి చిట్టీని నమ్ముకోవద్దని నేను చెప్పేది అందుకే. మీ పాప ఫీజు అటువంటి అవసరమే.

పాడుకున్న తర్వాత ఇంకో ఘట్టం ఉంటుంది, కొత్తవారికి దాని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. మిగతా వాయిదాలు కడతామన్న హామీకి ష్యూరిటీలు కావాలి. సాధారణంగా స్థిరమైన జీతం ఉన్నవారి జీతం సర్టిఫికెట్లు, సంతకాలు అడుగుతారు, ప్రభుత్వోద్యోగి అయితే వెంటనే ఒప్పుకుంటారు. బావమరిదినో పాత సహోద్యోగినో బతిమాలుకుని సంతకం పెట్టించుకోవాలి. అది కుదరకపోతే పాడుకున్న డబ్బు చేతికి రాకుండా వేరుగా బ్యాంకులో పడి ఉంటుంది. రేపు మీరు కట్టలేకపోతే ఫోర్‌మన్ మిగతా వాయిదాలన్నీ ఒకేసారి అడగవచ్చు, ఆ భారం ష్యూరిటీ మీద పడుతుంది. బంధుత్వాలు చెడిపోవడానికి హైదరాబాదులో ఇంతకన్నా సులువైన దారి నేను చూడలేదు.

ఇక ఆంటీ చిట్టీ. చిట్‌ఫండ్ల చట్టం 1982 ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టరు చేయనిదే ఎవరూ చిట్టీ నడపకూడదు. చిట్టీ మొదలయ్యే ముందు ఆ చిట్టీ మొత్తానికి సరిపడా హామీని ఫోర్‌మన్ రిజిస్ట్రార్ దగ్గర ఉంచాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి నడపగల చిట్టీల మొత్తం పరిమితి లక్ష నుంచి 3 లక్షలకు పెరిగింది, కమిషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. అంటే ఆంటీ తలచుకుంటే లక్ష చిట్టీని చట్టబద్ధంగానే నడపవచ్చు. రిజిస్టరైన చిట్టీలో తగాదా వస్తే అది సివిల్ కోర్టుకు కాక రిజిస్ట్రార్ ముందుకు వెళుతుంది, ఆయన విచారించి తీర్పు ఇస్తారు. రిజిస్టరు కాని చిట్టీలో మీ చేతిలో ఉండేది ఆంటీ సంతకం పెట్టిన చిన్న పుస్తకం ఒక్కటే. మా కాలనీలో అలా ఎన్నో ఏళ్లు మర్యాదగా చిట్టీలు నడిపిన ఒకరు దసరా సెలవులకు ఊరెళ్తున్నామని చెప్పి ఇల్లు ఖాళీ చేశారు. ఆమె దగ్గర కట్టినవారిలో కొందరికి ఆ పుస్తకం కూడా లేదు. నమ్మకం మీద కట్టారు. మీ ఆంటీ అలాంటివారని నేను అనడం లేదు. ఆమె నిజాయతీపరురాలే అయినా, సభ్యుల్లో ఇద్దరు ఎత్తుకుని ఎగవేస్తే ఆ నష్టాన్ని భరించే నిధి ఆమె దగ్గర ఉండదు.

అందుకే ఆమెను మర్యాదగా, “ఆంటీ, చిట్టీ రిజిస్ట్రేషను నంబరు, ఒప్పందం కాపీ ఇస్తారా, ఇంట్లో చూపించాలి” అని అడగండి. అవి ఇస్తే ఆలోచించవచ్చు. ఇవ్వకపోతే ఈ నెల కుదరడం లేదని చెప్పి తప్పుకోండి. లిఫ్టులో రోజూ కలిసే మనిషితో వాదం పెట్టుకోనవసరం లేదు. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది, చిట్టీకి ఆ బీమా లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

సిప్ విషయంలో మీ స్నేహితులు చెప్పింది సగం సరైనది. పాప పై చదువుకు ఇంకా పదిహేనేళ్లున్నాయి, ఆ డబ్బుకు మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ మంచిదే. ఏజెంటు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి. జూన్ ఫీజును మాత్రం అందులో పెట్టకండి. 2020 జనవరిలో 42 వేలను తాకిన స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువకు పడింది. ఆ ఏప్రిల్‌లో డబ్బు తీయవలసి వచ్చినవారికి ఆ తర్వాత మార్కెట్ కోలుకున్నా ఒరిగింది లేదు. 15 ఏళ్లు తాళం వేసినట్టు ఉండే ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌కు 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం వడ్డీ వస్తోంది. మార్కెట్ ఎగుడుదిగుళ్లు చూసి నిద్ర పట్టనివారు సిప్ సగం, పీపీఎఫ్ సగం పెట్టుకోవచ్చు.

ప్లాటు గురించి మామగారితో వాదించడం కష్టమని నాకు తెలుసు. కానీ నెలకు 12 వేలు మిగిలే ఇంట్లో అడ్వాన్సు కోసం అప్పు చేయడం సరికాదు. తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చే స్టాంపు డ్యూటీతో కలిపి 7.5 శాతం. పైగా అవసరం వస్తే అందులో పది గజాలు అమ్ముకోలేరు. ఆయన పట్టుబడితే లేఅవుట్ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూపించమనండి. అనుమతులు రాకముందే ప్రీలాంచ్ ధర అని తొందరపెట్టేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నేనైతే 12 వేలను ఇలా పంచుతాను. 5 వేలు బ్యాంకు ఆర్‌డీ, జూన్ ఫీజుకు. ఏడాది పూర్తిగా లేకపోతే తగ్గిన మేరకు ఈసారి బోనసు లేదా చేతిలో ఉన్నది కలపాలి, వచ్చే ఏటి నుంచి 12 వాయిదాలు సరిగ్గా 60 వేలు అవుతాయి. 4 వేలు విడిగా ఒక పొదుపు ఖాతాలో, మూడు నెలల ఖర్చు పోగయ్యే దాకా. ఉద్యోగం పోయినా ఆసుపత్రి ఖర్చు వచ్చినా ముందు ఆదుకునేది ఇదే. 3 వేలు సిప్. టర్మ్ బీమా (గడువులోపు మనిషి పోతేనే ఇంటివారికి డబ్బు వచ్చే బీమా) లేకపోతే దీనికంటే ముందు ఆ ప్రీమియం తీయండి, ఎల్‌ఐసీ పొదుపు పాలసీ ఉంది కదా అని ఊరుకోవద్దు. మూడు నెలల ఖర్చు పోగైన తర్వాత ఆ 4 వేలతో చిట్టీ వేయాలనిపిస్తే, రిజిస్టరైన కంపెనీలో, చివరి నెలల దాకా ఎత్తుకోనవసరం లేని డబ్బుతో మాత్రమే వేయండి. ఆ చిట్టీలో ఇంకెవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టమని అడిగితే, ఆ మిగతా వాయిదాలన్నీ మీరే కట్టగలరా అని లెక్కేసుకున్నాకే పెన్ను తీయండి.