తాలుకాయల దిష్టి

తిరుపతి,
ఆదివారం రాత్రి.

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివినా. మంత్రాలవ్వ బాగుంది. ఆమె చేతిలో ఉండే ఆకే బాగలేదు.

అలిపిరి పక్క పల్లెలో ముసలామె, కోడలికి సోకిన గాలి వదిలించేదానికి ఎండిన తెల్ల సేజ్ కట్ట అంటించి ఇల్లంతా పొగ వేస్తుందా? అది దక్షిణ కాలిఫోర్నియా గుట్టల మొక్క. అక్కడి ఆదివాసులకు అది పవిత్రం. నువ్వు జతచేసిన రోజ్‌మేరీ యూరపు వాళ్ళది, పోయినవాళ్ళ జ్ఞాపకానికి వాడుకునేవాళ్ళు. అవ్వకు ఈ రెండూ కొరియర్‌లో రావాల. బెంగళూరు మనవరాలు తెప్పించుకుని పొగ వేస్తే, అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఏం కసువు మే ఇది?" అంటే అదో కథ. అవ్వే వాడిందంటే మాత్రం నువ్వు ఫోన్‌లో చూసి రాసినావని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

నేనూ తక్కువ తినలేదులే. నా తొలి కథలో ఒకామె వావిలాకును రోహిణికార్తె ఎండలో మిద్దె మీద ఆరబోస్తుంది. అచ్చయినాక, మా వీధిలో బాలింతలకు నీళ్ళు పోసే అవ్వ ఆ కథ చదివించుకుని వినింది. "ఎండలో పెడితే వాసన యాడుంటుంది నాయనా? నీడన, గోనెపట్ట మీద పల్చగా పరచాల. రోజూ తిరగేయాల. చేత్తో నలిపితే పొడి కావాల, ముక్కుకు మాత్రం పచ్చాకు లెక్కనే తగలాల" అనింది. వావిలాకు ఘాటంతా ఆవిరైపోయే నూనెలోనే ఉంది, ఆమె చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆ కథను ఈరోజుకీ ఎవరికీ చూపించను.

మూడో పేజీలో ద్వాదశినాడు, అదీ పొద్దుగూకినాక, అవ్వ చేత తులసి కోయించినావు. మన ఊళ్ళో ఆ వాక్యం దాటి ఎవరూ చదవరు. ఉమ్మెత్త గింజలు పాలలో కలిపే చోట కొలత కూడా రాసినావు, తీసెయ్. ఉమ్మెత్త మతి పోగొడుతుంది, ప్రాణమూ తీస్తుంది.

దిష్టి ఘట్టం ఒక్క వాక్యంలో దాటేసినావే, అక్కడుంది అసలు సరుకు. మా అవ్వ రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు, నాలుగు చీపురుపుల్లలు గుప్పిట్లో పట్టి నా చుట్టూ మూడుసార్లు తిప్పి, మూడుసార్లు ఉమ్మించి పొయ్యిలో వేసేది. ఉప్పు చిటపటమనేది. ఘాటు రాకపోతే "చూసినావా, ఎంత దిష్టి తగిలిందో!" అనేది. కాయల్లో కారముంటే కదా ఘాటు! మంచి కాయలు కూరకు దాచి, రంగు పోయిన తాలుకాయలు ఏరి దిష్టికి తీసేది మహాతల్లి. ఇది నాకు పెళ్ళయినాక గానీ వెలగలేదు. కథలో అయితే ఈ వివరణ పెట్టబాకు. తాలుకాయలు ఏరే చెయ్యి చూపించి ఊరుకో.

చివర్లో ఊరోళ్ళు అవ్వను చేతబడి చేసిందని చెట్టుకు కట్టేస్తారు. ఆ అనుమానంతో మన రాష్ట్రంలో మనుషుల్ని నిజంగానే చంపినారు, కాబట్టి ఉత్కంఠ కోసం రాసే సీను కాదది. అటక మీద దొరికే మూటలో ఏముందో నువ్వు చెప్పలేదు. వస కొమ్ము, ఉత్తరేణి వేరు, ఎండిన వావిలాకు ఉండనీ. అదే ఆకుతో ఆమె కాచిన నీళ్ళు పోసుకున్న బాలింత ఆ గుంపులో నిలబడి మూట వాసన గుర్తుపట్టనీ. నోరు విప్పుతుందా లేదా అనేది నువ్వు తేల్చుకో.

వచ్చే వారం రా. గోవిందరాజుల గుడి సందుల్లో పూజసామాన్ల అంగళ్ళు తిరుగుదాం. సాంబ్రాణి, గుగ్గిలం, వట్టివేరు ఒక్కొక్కటే వాసన చూద్దువుగాని. బయల్దేరే ముందు మీ అవ్వ దిష్టి మిరపకాయలు ఏ డబ్బాలోంచి తీస్తుందో చూసి రా. అడగబాకు, చూడు.