ఖాళీ గోడకు టేబుల్ చాలు, సెట్ వద్దు

ప్రశ్న: ఈమధ్యే కొత్త ఇంట్లోకి మారాం. తలుపు తీయగానే ఎదురయ్యే గోడ బోసిగా ఉంది. అక్కడ వేద్దామని ఒక కన్సోల్ టేబుల్ (గోడకు ఆనించి వేసే సన్నటి పొడవాటి బల్ల) చూశాను. దాని ధర మా ఇద్దరి నెల జీతంలో ఐదో వంతు. అద్దం, దీపం, పూలకుండీ, బుట్టలతో కలిపి సెట్‌గా తీసుకుంటే దాదాపు మూడో వంతు అవుతుంది. సెట్‌ను వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టుకోవచ్చట. ఒకేసారి కడితే 10 శాతం తగ్గిస్తారట. అత్యవసరాలకని రెండు నెలల ఖర్చులకు సరిపడా దాచుకున్నాం. వేరే అప్పుల్లేవు. మావారు దండగంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: టేబుల్ తీసుకోండి. సెట్ వద్దు, వాయిదాలు అసలే వద్దు. టేబుల్ కూడా ఈ నెలలో కాదు, ఓ ఆరు నెలలు ఆగి తీసుకోండి.

ముందు ఆ ‘వడ్డీ లేని వాయిదాల’ సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన మాట అదొక్కటే. సెట్ ధర 100 అనుకోండి. ఈరోజే కట్టేస్తే 90కి వస్తుంది. వాయిదాల్లో అయితే నెలకు 8.33 చొప్పున ఏడాదిలో మొత్తం 100 కడతారు. అంటే 90 అప్పు తీసుకుని, దాని మీద 10 వడ్డీ కట్టినట్టే. 90కి 10 అంటే 11 శాతమేగా అనిపిస్తుంది. కానీ ఆ 90 ఏడాదంతా మీ దగ్గర ఉండదు. నెలనెలా అసలు తీరిపోతూ ఉంటుంది కాబట్టి, సగటున అందులో సగం సొమ్మునే మీరు వాడుకుంటారు. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్కకడితే వడ్డీ ఏడాదికి సుమారు 20 శాతం తేలుతుంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఎక్కడైనా సరే, ఒకేసారి కట్టేవాళ్లకు తగ్గింపు ఇస్తున్నారంటే వాయిదాల ధరలో వడ్డీ దాగి ఉన్నట్టే.

ఇంకో సంగతి కూడా గమనించండి. సెట్‌కు నెల వాయిదా మీ జీతంలో మూడు శాతం కూడా దాటదు. అంత చిన్నగా కనిపిస్తుంది కాబట్టే ఒప్పేసుకోవాలనిపిస్తుంది. మరి టేబుల్ ఒక్కదానికే ముందుగా దాచుకుంటే? జీతం 100 అనుకుంటే టేబుల్ 20. ఆరు నెలల పాటు నెలకు మూడున్నర పక్కన పెడితే సరిపోతుంది. దీన్ని అత్యవసర నిధిలో కలపకండి. వేరే పొదుపు ఖాతాలో, జీతం పడిన మర్నాడే జమయ్యేలా పెట్టుకోండి. అదే సమయంలో ఆ రెండు నెలల నిధిని కనీసం మూడు నెలలకు చేర్చే పని కూడా ఆగకూడదు. రెండూ ఒకేసారి కుదరకపోతే నిధికే మొదటి చోటు. ఇద్దరి జీతాల మీద నడిచే ఇంట్లో ఒక జీతం ఆగితే పడే ఇబ్బంది ముందు ఖాళీ గోడ ఏపాటిది?

సెట్ వద్దనడానికి అసలు కారణం ధర ఒక్కటే కాదు. ఒక కొత్త వస్తువు వచ్చాక చుట్టూ ఉన్నవన్నీ పాతగా కనిపించడం మొదలవుతుంది. ఫ్రెంచ్ రచయిత డెనీ దిదెరో 1769లోనే దీని గురించి రాశాడు. ఇంట్లో వేసుకునే పాత అంగీ పోయి కొత్తది వచ్చాక, గడ్డి కుర్చీ స్థానంలో తోలు కుర్చీ వచ్చింది, ఆ తర్వాత ఒక్కొక్కటే గది మొత్తం మారిపోయింది. గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1988లో ఈ గొలుసుకు ‘దిదెరో ప్రభావం’ అని పేరు పెట్టాడు. సెట్ కొంటే ఆ గొలుసును మొదటి రోజే ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. టేబుల్ ఒక్కటే వస్తే, దాని మీద ఏం పెట్టాలో మీ ఇల్లే నిదానంగా చెబుతుంది.

ఈ ఆరు నెలలూ ఊరికే ఎదురుచూడక్కర్లేదు. ఇల్లు మారారు కాబట్టి అట్టపెట్టెలు ఇంకా ఎక్కడో ఉండే ఉంటాయి. మీరు చూసిన టేబుల్ పొడవు, వెడల్పు, ఎత్తు కొలతలు తెచ్చుకుని, ఆ పెట్టెల్ని అదే కొలతకు గోడ పక్కన పేర్చండి. వారం రోజులు అలాగే ఉంచండి. తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, సరుకుల సంచులతో లోపలికి వస్తుంటే మోచెయ్యి తగులుతోందా, పిల్లలు పరిగెత్తే దారికి అడ్డమా, స్విచ్చులు మూసుకుపోతున్నాయా అన్నది ఆ వారంలోనే తేలిపోతుంది. కన్సోల్ టేబుళ్లు సాధారణంగా 30 నుంచి 32 అంగుళాల ఎత్తు, గోడ నుంచి ముందుకు 12 నుంచి 16 అంగుళాల వెడల్పు ఉంటాయి. టేబుల్ వేశాక కూడా నడవడానికి 36 అంగుళాల దారి మిగలాలి. అంత మిగలకపోతే ఎంత అందమైనదైనా అక్కడికి పనికిరాదు. వెడల్పు తక్కువున్నది వెతకండి, లేదా గోడకు బిగించే చెక్క అరతో సరిపెట్టుకోండి, ఖర్చు కూడా తగ్గుతుంది. ఆ గోడ దగ్గర కుదరక సోఫా వెనక వేయాలనిపిస్తే, ఎత్తు సోఫా వీపు కన్నా పైకి రాకుండా చూసుకోండి.

కొలత కుదిరాక సొమ్మంతా చెక్క మీద, కట్టుబడి మీద పెట్టండి. ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేనూ ఇలాగే తలుపు పక్కకి ఒక టేబుల్ కొన్నాను. చూడ్డానికి నిండైన చెక్కలా ఉండేది. పైన పూలకుండీ పెట్టాను. అడుగు నుంచి కారిన నీళ్లు అంచులోకి ఇంకి, పై పలక ఉబ్బి, పొర లేచిపోయింది. లోపల చూస్తే చెక్కపొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు. అది ఒకసారి ఉబ్బిందంటే మళ్లీ మామూలుకు రాదు, బాగుచేయడానికీ వీలుండదు. తడి గొడుగు, నీళ్లు పోసే కుండీ, చేతి సంచీ అన్నీ వచ్చి పడే చోటు అది. అక్కడ ఆ సరుకు నిలవదని కొనేముందే ఎవరైనా చెప్పి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) పార్టికల్ బోర్డు కన్నా నున్నగా, గట్టిగా ఉంటుంది గానీ దానికీ నీళ్లు పడవు. అంచుల్లో స్క్రూలు అంత బలంగా పట్టవు. ప్లైవుడ్ స్క్రూను బాగా పట్టి ఉంచుతుంది. అసలైన చెక్కకు గీతలు పడినా, మరకలు పడినా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటే దాని ధరకు అర్థం. వెనీర్ వేసినదైతే పైన ఉండేది పల్చటి చెక్క పొరే కాబట్టి ఎక్కువ రుద్దకూడదు. పాలరాయి పలక మీద నిమ్మరసం, వెనిగర్ లాంటి పుల్లటివి పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

ధరను ఏళ్లతో భాగించి చూడండి. మీ 20 ధర టేబుల్ 15 ఏళ్లు నిలిస్తే ఏడాదికి 1.33 పడుతుంది. 8కే వచ్చే టేబుల్ మూడేళ్లకే పోతే ఏడాదికి 2.67. చవకైనది రెట్టింపు ఖరీదైనట్టు. అలాగని ధర ఎక్కువైతే మన్నిక ఎక్కువని అనుకోకండి. పై పలక అంచును, అడుగుభాగాన్ని వంగి చూడండి. ఏ సరుకుతో చేశారో అక్కడ దాచడం కష్టం. ఒక మూల పట్టుకుని పక్కకు ఊపండి. కాళ్లు పొడవు, వెడల్పు తక్కువ కాబట్టి ఈ టేబుళ్లలో లోపమంతా కాళ్లు చట్రంతో కలిసే చోటే బయటపడుతుంది. సొరుగు ఉంటే పూర్తిగా లాగి చూడండి. పాత సామాన్లలో మంచి చెక్క టేబుల్ సగం ధరకు దొరికితే నేనైతే దానికే ఓటేస్తాను. కాకపోతే సన్నటి కన్నాలు, వాటి కింద తాజాగా రాలిన పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టే. అలాంటిది ఊరికే ఇచ్చినా ఇంటికి తేకండి.

ఇక అలంకరణ. టేబుల్ వచ్చాక మొదటి మూడు నెలలూ దీనికి ఒక్క పైసా కేటాయించకండి. ఇంట్లో ఉన్నవాటిలో ఎత్తుగా ఉన్నది ఒకటి, మధ్యరకం ఒకటి, పొట్టిది ఒకటి తీసి దగ్గరదగ్గరగా పెట్టండి. నాలుగు పుస్తకాలు అడ్డంగా పేర్చి వాటి మీద చిన్న వస్తువు పెట్టినా ఎత్తులు కుదురుతాయి. పలకలో మూడో వంతైనా ఖాళీగా ఉంచండి, చేతిలోవి పెట్టుకోవడానికే కదా అది. తాళాలకూ, వచ్చిన బిల్లులకూ ఒక పళ్లెం మాత్రం తప్పకుండా ఉండాలి. కట్టాల్సిన బిల్లు రోజూ కంటపడితే గడువు దాటదు, జరిమానా పడదు. మీవారు దండగన్నారు కదా, ఆ పళ్లెం సంగతి ఆయనకు చెప్పి చూడండి.

అద్దం తర్వాత కొన్నా తొందరేం లేదు. కొనేటప్పుడు టేబుల్ పొడవులో మూడింట రెండు వంతుల వెడల్పున్నది చూడండి. కింది అంచు పలకకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైన ఉంటే రెండూ ఒకే జతలా కనిపిస్తాయి. అద్దం బదులు పటం పెడితే దాని నడిమి భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో, అంటే కంటి ఎత్తులో రావాలి. దీపం పెడితే నిలబడ్డవాళ్ల కంట్లో బల్బు నేరుగా పడకూడదు. 2700 కెల్విన్ ఎల్ఈడీ బల్బు వేస్తే వెలుగు వెచ్చగా, పసుపుగా ఉంటుంది, కరెంటు కూడా తక్కువ.

కన్సోల్ అంటే ఫ్రెంచ్‌లో బరువు మోయడానికి గోడకు బిగించే ఆసరా. యూరప్‌లో మొదట్లో ఈ టేబుళ్లకు కాళ్లు ముందువైపే ఉండేవి, వెనక భాగాన్ని గోడే మోసేది. ఇప్పుడు నాలుగు కాళ్లూ ఉన్నా, ఇంట్లో చిన్న పిల్లలుంటే వెనకవైపు రెండు ఎల్ ఆకారపు పట్టీలతో గోడకు బిగించండి. సన్నటి టేబుల్ మీద బరువైన దీపం ఉండి, పిల్లలు సొరుగు పట్టుకుని వేలాడితే ముందుకు పడిపోతుంది. దీపం తీగను కూడా కాలు వెంబడి కట్టేయండి. ఈ ఖర్చు చాలా చిన్నది, దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

సెట్ మానుకుంటే మిగిలేది మీ నెల జీతంలో ఎనిమిదో వంతు దాకా ఉంటుంది. దాన్ని అత్యవసర నిధిలో వేయండి. ఆరు నెలల తర్వాత కూడా, ఇంట్లోకి రాగానే తాళాలు పెట్టడానికి మీ చెయ్యి ఆ గోడ పక్కన చోటు వెతుక్కుంటుంటే, ఆ వారమే వెళ్లి టేబుల్ తెచ్చుకోండి. మీవారిని కూడా తీసుకెళ్లండి. ఒకరు మూల పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు వంగి కీళ్లు చూడాలి.