అడ్వాన్సుగా వచ్చిన ఫీజు ఇంకా మీ సంపాదన కాదు

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో ఒక జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌గా చేస్తున్నాను. వయసు 28. నెలకు 12 సెషన్లకు 4,000 రూపాయలు తీసుకుంటాను, అందులో 30 శాతం జిమ్‌ వాళ్లది. ఇప్పుడు 14 మంది ఉన్నారు. నెలకు నలుగురు మానేస్తుంటే, ఇంకో నలుగురు చేరుతున్నారు. అందరికీ ఆరు నెలల ప్యాకేజీ ఇచ్చి, ఆ అడ్వాన్సుతో బైకుకు డౌన్‌పేమెంట్ కట్టాలని ఉంది. ఎంత డిస్కౌంట్ ఇస్తే ఒప్పుకుంటారు?

జవాబు: డిస్కౌంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మానేసే నలుగురి లెక్క చూడండి. 14 మందిలో నెలకు నలుగురు వెళ్లిపోతున్నారంటే సగటున ఒక్కొక్కరు మీ దగ్గర మూడున్నర నెలలు ఉంటున్నట్టు. జిమ్ వాటా పోను నెలకు మీకు మిగిలేది 2,800 కాబట్టి ఒక క్లయింటు వల్ల మీకొచ్చేది మొత్తం 9,800. ఆ నలుగురిని ఇద్దరికి తగ్గించగలిగితే సగటు ఏడు నెలలవుతుంది, అదే మనిషి వల్ల 19,600 వస్తుంది. ఫీజు ఒక్క రూపాయి పెంచక్కర్లేదు. 20 శాతం డిస్కౌంట్ ఇచ్చినా, ఇష్టం పోయిన మనిషి రెండో నెలలోనే రావడం మానేసి డబ్బు తిరిగి అడుగుతాడు.

మానేయడానికి బీజం చాలావరకు మొదటి రెండు వారాల్లోనే పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లతో మొదటి రోజే స్క్వాట్లు, లంజెస్ లాంటి కాళ్ల వ్యాయామాలు నాలుగేసి సెట్లు (విడతలు) చేయిస్తే ఒకటి నుంచి మూడు రోజుల వరకు కండరాల నొప్పి బాగా ఉంటుంది. మెట్లు దిగలేక రెండు సెషన్లు ఎగ్గొడతారు, అక్కడితో అలవాటు తెగిపోతుంది. మొదటి రెండు వారాలు రెండు సెట్లు చాలు, ఇంకో నాలుగైదు సార్లు చేయగలం అనిపించే దగ్గరే ఆపించండి. నెలకు పది కిలోలు తగ్గిస్తానని మాట ఇవ్వకండి. వారానికి అర కిలో తగ్గడం చాలామందికి మంచి వేగం. మొలగొలుకుల అన్నం పూర్తిగా మానమంటే ఏ ఇంట్లోనూ పది రోజులు నిలవదు. అన్నం కొలత తగ్గించి, పక్కన గుడ్డో చేపో పెసలో పెరిగేలా చూడండి.

చేరిన రోజే ఒక కాగితం మీద కొలతలు రాయండి: బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, ఆగకుండా తీయగలిగే పుషప్‌లు, స్క్వాట్‌లో పట్టుకున్న డంబెల్ బరువు. నడుము కొలతను చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక తీసుకోవాలి. ప్రతిసారీ అదే చోట తీయకపోతే రెండు సెంటీమీటర్ల తేడా టేపువల్లే వస్తుంది. మొదటి వారాల్లో బలం పెరిగేది ఎక్కువగా నరాలు కండరాలను మెరుగ్గా వాడుకోవడం నేర్చుకున్నందువల్ల. అద్దంలో తేడా కనబడాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే నాలుగో వారంలో అద్దం నిరాశపరిచినా, కాగితం మీద మాత్రం 5 కిలోల డంబెల్ 10 కిలోలైనట్టు కనిపిస్తుంది.

ప్యాకేజీ మాట ఎత్తాల్సింది ఆ నాలుగో వారంలోనే, చేరిన రోజు కాదు. ఇరవై నిమిషాలు పక్కన కూర్చోబెట్టి, చేరిన రోజువీ ఇప్పుడు తీసినవీ రెండు వరుసల కొలతలూ చూపించండి. వచ్చే మూడు నెలల్లో వాళ్లకేం కావాలో అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని, అప్పుడు ధర చెప్పండి. వారంలో రెండు సెషన్లు ఎగ్గొట్టినవాళ్లకు అదే రోజు ఫోన్ చేయండి. వాట్సాప్ మెసేజ్ చూసి ఊరుకుంటారు, ఫోన్‌కైతే కారణం చెబుతారు.

షుగర్ ఉన్న క్లయింట్ల గురించి వేరుగా చెప్పాలి. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపిస్తుంది. కాబట్టి మూడు నెలల ప్యాకేజీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఆ రిపోర్టు చూస్తే ఫలితం వాళ్లకే కనబడుతుంది. నిజంగా ఎక్కువ కాలం శిక్షణ అవసరమైనవాళ్లు వీళ్లే. ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయేలా చేయగల మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరు అనుమతి తెచ్చుకున్నాకే మొదలుపెట్టండి, జిమ్‌లో గ్లూకోజ్ దగ్గర పెట్టుకోండి. పొగతోట ఆసుపత్రుల డాక్టర్లకు మీ పని గురించి చెప్పుకోవచ్చు, కానీ రోగులను పంపినందుకు కమీషన్ ఇస్తామనకండి. అది వాళ్ల వృత్తి నియమాలకు విరుద్ధం.

ఇక ధర. మూడు నెలలకు 5 శాతం తగ్గించి 11,400, ఆరు నెలలకు 10 శాతం తగ్గించి 21,600. అంతకు మించి వద్దు. దానికంటే ముందు జిమ్ యజమానితో ఒక మాట తేల్చుకోండి: వాళ్ల 30 శాతం వసూలైన మొత్తం మీదా, అసలు ధర మీదా? అసలు ధర 24,000 మీద అయితే 7,200 వాళ్లకు పోయి మీకు 14,400 మిగులుతుంది. డిస్కౌంట్ లేకపోతే మీకు రావాల్సింది 16,800. క్లయింటుకు ఇచ్చిన 10 శాతం మీకు 14 శాతానికి పైగా నష్టమవుతుంది. వసూలైన మొత్తం మీదైతే మీ వాటా 15,120. ఉదయం ఆరు గంటల స్లాటుకు అసలు డిస్కౌంటే వద్దు, ఆ సమయం ఆరు నెలలు వాళ్లదేనని హామీ ఇవ్వడమే పెద్ద ఆకర్షణ. డిస్కౌంట్‌ను ఖాళీగా ఉండే ఎనిమిది, తొమ్మిది గంటల స్లాట్లకు వాడండి.

షరతులు ఒక పేజీలో, తెలుగులో రాసి సంతకం తీసుకోండి. ఆరు నెలల ప్యాకేజీ అంటే 72 సెషన్లు, గడువు ఏడు నెలలు. రాలేకపోతే ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలి, లేకపోతే ఆ సెషన్ అయిపోయినట్టే. మీరు రాలేని రోజు మాత్రం గడువు పెరుగుతుంది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఆపేవాళ్లుంటారు, తుఫాను వానలకు రాలేని రోజులుంటాయి. వాటికి ఏం చేస్తారో ముందే రాయకపోతే డిసెంబరులో గొడవ తప్పదు. మధ్యలో మానేస్తే, వాడుకున్న సెషన్లకు నెలవారీ ధర పట్టి మిగతాది తిరిగివ్వాలి. 30 సెషన్లు వాడుకుంటే 10,000 పోను 11,600 వాపసు. ఆ వాపసులో తన వాటాను జిమ్ వెనక్కి ఇస్తుందో లేదో అదే కాగితంలో ఉండాలి.

ఇప్పుడు బైకు. ఐదుగురు ఆరు నెలల ప్యాకేజీ తీసుకుంటే మీ వాటా 75,600 ఒక్కసారిగా చేతికొస్తుంది. అది డౌన్‌పేమెంటుకు పోతే, తర్వాత ఆరు నెలలూ ఆ ఐదుగురికీ పైసా రాకుండా శిక్షణ ఇవ్వాలి. నెలకు 12,600 లోటు, దాని మీద బైకు ఈఎంఐ. ఇంటద్దె కోసం కొత్తవాళ్లకు ఇంకా పెద్ద డిస్కౌంట్లు ఇస్తారు. ట్రైనర్లు మునిగేది సరిగ్గా ఇక్కడే, దయచేసి ఆ దారి పట్టకండి.

ప్యాకేజీ డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి, యూపీఐకి కలపకండి. ఒక్కో సెషన్‌కు మీ వాటా 210 (15,120ని 72 సెషన్లతో భాగిస్తే). నెలాఖరున జరిగిన సెషన్లు లెక్కపెట్టి, ఆ మేరకే మీ మామూలు ఖాతాకు మార్చుకోండి. అందరివీ కలిపి మిగిలిన సెషన్లు 200 అయితే ఆ ఖాతాలో కనీసం 42,000 ఉండి తీరాలి. పైన చెప్పిన వాపసు ఉదాహరణలో 42 సెషన్లు మిగిలాయి, ఖాతాలో ఉండేది 8,820. జిమ్ తన వాటా ఇవ్వకపోతే మిగతా 2,780 మీ జేబులోంచే పోతుంది. ఆ కాగితం మీద పట్టుబట్టమన్నది ఇందుకే. బైకుకు మాత్రం మీరు మామూలు ఖాతాలోకి మార్చుకున్న డబ్బులోంచి నెలనెలా పక్కన పెట్టండి.

14 మందిలో ఆరుగురికి మించి ఆరు నెలల ప్యాకేజీలో వద్దు. అందరినీ సంక్రాంతి తర్వాతే చేర్చుకుంటే జులైలో అందరి ప్యాకేజీలూ ఒకేసారి ముగుస్తాయి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి వచ్చే రొయ్యల రైతులకు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాకే డబ్బు చేతిలో ఉంటుంది, అప్పుడు అడగండి. జీతగాళ్లకు రెండు వాయిదాలు పెట్టండి: చేరినప్పుడు 10,800, 36 సెషన్లు దాటకముందే మరో 10,800.

మీ శరీరమే మీ ఆదాయం కాబట్టి, ప్రమాదంలో కొన్నాళ్లు పని చేయలేకపోతే వారవారం కొంత ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, తీసుకోండి. కానీ అది మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే, కాలు విరిగి రెండు నెలలు మంచం మీదుంటే పనికిరాదు. వేరుగా మూడు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టండి. జీఎస్‌టీకి మీరు చాలా దూరంలో ఉన్నారు: మీ వసూళ్లు ఏడాదికి 6.72 లక్షలు, సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలు. ఆదాయపు పన్ను పడకపోయినా ఏటా దాని రిటర్ను వేయండి. రేపు సొంత స్టూడియోకు అప్పు అడిగితే బ్యాంకు మొదట చూసేది గత రెండు మూడేళ్ల రిటర్నులనే.