పాలగడ్డ అన్నారు, క్యాన్సర్ అని తేలింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా అక్కకు 34 ఏళ్లు. బాబుకు పాలిస్తున్న రోజుల్లో రొమ్ములో గడ్డ తగిలితే ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో చూపించాం. చేత్తో చూసి పాలగడ్డ అని యాంటీబయాటిక్స్ రాశారు. తగ్గలేదని మరో రెండుసార్లు వెళ్లినా స్కానింగ్ రాయలేదు. మొదట చూపించిన ఎనిమిది నెలలకు హైదరాబాద్‌లో బయాప్సీ చేస్తే ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్ మందులు పనిచేయని రకం) క్యాన్సర్ అని తేలింది. గడ్డ 4 సెంటీమీటర్లు, చంకలోకీ పాకింది. మొదటిసారి చూపించి ఇప్పటికి రెండేళ్ల రెండు నెలలు. ‘అది వేగంగా పెరిగే రకం, ముందే తెలిసినా ఇంతే’ అంటున్నారు ఆ డాక్టరు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ఫీజు కట్టి చూపించుకున్నారు కాబట్టి మీ అక్కగారు వినియోగదారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లే. అయితే బయటికి కనిపించని పొరపాటు విషయంలో, అది తెలిసిన నాటి నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన నాటి నుంచి గడువు లెక్కించాలని సుప్రీంకోర్టు 2010లో శ్రీఖండే కేసులో చెప్పింది. మీకు అది బయాప్సీ రిపోర్టు తేదీ. అంటే దాదాపు ఆరు నెలలు చేతిలో ఉన్నాయి. అవతలివాళ్లు ఆఖరిసారి చూపించిన రోజు నుంచి లెక్కకడతారు. అందుకని ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ కూడా జత చేసి, త్వరగా వేయండి.

మొదటిసారి పాలగడ్డ అనుకోవడం నా దృష్టిలో నిర్లక్ష్యం కాదు. పాలిచ్చే తల్లికి గడ్డ కడితే ఏ డాక్టరైనా ముందు అదే అనుకుంటారు. సాటి డాక్టర్లలో సగటు నైపుణ్యం ఉన్నవారు ఏం చేసేవారన్నదే కొలమానమని జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే తేలిపోయింది. కానీ మందులకు లొంగని గడ్డను చేత్తో చూసి వదిలేయకూడదు, స్కాన్ తీయించాలి, అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. పాలిస్తున్నా అల్ట్రాసౌండ్‌కు అడ్డేమీ లేదు. మీ కేసంతా ఆ రెండో, మూడో సందర్శనల మీదే నిలబడాలి.

ఇక ‘ముందే తెలిసినా ఇంతే’ అన్న మాట. అసలు పోరాటం ఇక్కడే. నెదర్లాండ్స్‌లో మామోగ్రామ్‌లు పోల్చి చేసిన ఒక అధ్యయనంలో, 50 ఏళ్ల లోపు స్త్రీలలో గడ్డ ఘనపరిమాణం రెట్టింపు కావడానికి సగటున 80 రోజులు పట్టింది. ఎనిమిది నెలలంటే మూడు రెట్టింపులు, అంటే ఎనిమిదింతలు. అడ్డకొలతలో చూస్తే రెండింతలు. ఆ లెక్కన ఇప్పటి 4 సెంటీమీటర్ల గడ్డ అప్పట్లో 2 ఉండి ఉండాలి. క్యాన్సర్ దశల్లో 2 సెంటీమీటర్ల వరకు టి1, అంటే గడ్డ సైజులో తొలి మెట్టు. అంతకన్నా వేగంగా పెరిగిందంటారా, అప్పుడది ఇంకా చిన్నదని డాక్టరుగారే ఒప్పుకున్నట్టు! ఇది సగటు లెక్కే. అప్పటికే చంకలోకి పాకిందో లేదో దీనితో తేలదు. కాబట్టి ఆంకాలజిస్ట్ అభిప్రాయం రాతపూర్వకంగా కావాలి. మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన హైదరాబాద్ కిషన్‌రావు కేసులో, ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో అన్నది. ఆ తీర్పు చూసి మీరు ధీమా పడకండి.

‘బతికే అవకాశం తగ్గింది’ అన్న ఒక్క వాదన మీదే ఆధారపడొద్దు. ఇంగ్లండ్‌లో గ్రెగ్ అనే క్యాన్సర్ రోగి వేసిన కేసులో తొమ్మిది నెలల ఆలస్యంతో ఆ అవకాశం 42 శాతం నుంచి 25కు పడిపోయిందని తేలినా, 2005లో పరిహారం రాలేదు. అది మన కోర్టులను కట్టడి చేయదు కానీ అవతలి లాయరు తప్పక చూపిస్తారు. చంకలో గ్రంథులు తీసేశారా, చెయ్యి వాస్తోందా, ఎన్ని నెలల జీతం పోయింది, ఇలాంటివి లెక్కగట్టి అడగండి. కీమో ఖర్చంతా అడగడం మాత్రం కష్టం. ట్రిపుల్ నెగెటివ్‌కు 2 సెంటీమీటర్లప్పుడైనా కీమో ఇచ్చేవారే.

పోలీసుల దగ్గరకు పరుగెత్తొద్దు. ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. నర్సింగ్‌హోమ్‌కు కట్టింది ఐదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన ఉంది, రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. ఓపీ చీటీలు వాళ్ల దగ్గర దొరక్కపోవచ్చు. మీ దగ్గరున్న చీటీలు, మందుల బిల్లులు, ఫోన్‌పే చెల్లింపులు తేదీలవారీగా పెట్టుకోండి. మూడుసార్లు వెళ్లారని రుజువు చేసేవి అవే.