వాటాలు పంచని వల పండగ చెయ్యకండి

మీరు అడిగిందేంటంటే, చీరాల వైపు మీ ఊళ్ళో ఎప్పుడో ఆగిపోయిన అలివి వల (పడవతో చుట్టూ వేసి ఒడ్డు నుంచి తాళ్ళతో లాగే పెద్దవల) లాగుడూ గంగమ్మ పూజా కలిపి లోకల్ ఫెస్టివల్‌లా మళ్ళీ మొదలుపెడుతున్నాం, స్టేజీ మీద ఏం ప్రోగ్రాములు పెడితే జనం వస్తారు అని. స్టేజీ మీద ఏదైనా పెట్టుకోండి, నాకు పట్టింపు లేదు. వలలో పడిన చేప ఎవరికెంత వాటానో మాత్రం ముందు ఊరంతా కూర్చుని తేల్చుకోండి.

మేం చెన్నైలో ఉంటాం, తండయార్‌పేట. మా పెద్దమ్మ కాశిమేడులో చేపలమ్మేది. కొన్నేళ్ళ కిందట ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కోవళం దాటాక ఒక కుప్పంలో, అంటే జాలర్ల పేటలో, ఇలాగే పాత పెద్దవల పండగ మళ్ళీ చేస్తున్నారంటే ఆవిడ్ని తీసుకెళ్ళాను. తెల్లారేసరికే వల పడవలో పేర్చి రెడీగా ఉంది, ఊరి పెద్దాయన నీళ్ళవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆర్గనైజర్లేమో చీఫ్ గెస్ట్ వచ్చి కొబ్బరికాయ కొట్టేదాకా ఆగమంటారు. ఎనిమిదయింది, తొమ్మిదయింది, మైకులో హలో హలో తప్ప ఏం లేదు. ఇంక పెద్దాయన ఎవర్నీ అడక్కుండా ఒక తాడు కొస కుర్రాళ్ళ చేతికిచ్చి పడవ తోయించేశాడు. పడవ వల వదులుకుంటూ చుట్టు తిరిగి ఇంకోపక్క ఒడ్డుకొచ్చి రెండో తాడు ఇసకలో పడేసరికి చూడాలండీ, జీన్సు ప్యాంట్లోళ్ళు, బడిపిల్లలు, కొంగు నడుముకి దోపుకుని మా పెద్దమ్మ, అందరూ తాడు పట్టేశారు. తడి తాడు జారుతుంటే అరచేతులు మంట, ముందు మనిషి మడమ దిగబడ్డ గుంటలోనే మన కాలూ దిగబడుతుంది, ఒకాయన పాటెత్తుకుంటే మిగతా అందరం ఐలేసా. వల చివరి సంచి ఒడ్డెక్కేసరికి లోపల కవళ్ళు, నెత్తళ్ళు, కాసిని కానాగంతలు టపటపా కొట్టుకుంటున్నాయి.

గొడవ అప్పుడొచ్చింది. గెస్టులకి ఫ్రై చెయ్యాలి, చేపలన్నీ స్టాల్ దగ్గరికి పంపించండి అన్నాడు ఒక ఆర్గనైజర్ కుర్రాడు. మా పెద్దమ్మ ఊరుకుంటుందా, "తాడు పట్టినోళ్ళ వాటా తియ్యకుండా ఒక్క చేప కూడా ఇక్కణ్ణించి కదలకూడదు బాబూ" అని అరవంలో గట్టిగా అంది. పెద్దాయన తలూపి అక్కడే ఇసక మీద కుప్పలు పోయించాడు. ముందు ఒక దోసెడు గంగమ్మకని సముద్రంలోకి, తర్వాత పడవకీ వలకీ, తర్వాత తాడు పట్టిన ప్రతి ఒక్కరికీ, ఇంకో కుప్ప వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళ ఇళ్ళకి. దానికోసం ఒకామె స్టీలు గిన్నె పట్టుకొస్తే ఎవరూ ఏమీ అడగలేదు, పెద్దాయనే నింపి ఇచ్చాడు.

ఆచారం బతికున్న చోట చూడండి. కారైకాల్ పక్కన తిరుమలరాయన్‌పట్టినంలో మాసి మగం పండక్కి (తమిళుల మాసి నెలలో మఖ నక్షత్రం రోజు) తిరుక్కణ్ణపురం గుడి నుంచి శౌరిరాజ పెరుమాళ్ సముద్రానికొస్తే జాలర్లు మా అల్లుడొచ్చాడని ఎదురెళ్తారు, వాళ్ళ కులపెద్ద కూతుర్ని ఆయన పెళ్ళాడాడని కథ. దాన్ని ఎవరూ కొత్తగా రివైవ్ చెయ్యక్కర్లేదు, అల్లుడికి మర్యాద చేసే హక్కు ఇంకా వాళ్ళదే కాబట్టి. ఇక్కడ చెన్నైలో ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో 2015లో విళా (పండగ) మొదలెట్టి కర్ణాటక సంగీతం కచేరీలు సభల్లోంచి కుప్పానికి తెచ్చారు, అదీ మంచిదే, కానీ మీరు చేసేది వేరు, మీ ఊళ్ళో పండగ మీ వలలోనే ఉంది.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మా ఉత్తర చెన్నైలో ఈ పండగ చేద్దామన్నా చోటు లేదు. 1870ల్లో హార్బర్ గోడలు సముద్రంలోకి కట్టడం మొదలెట్టాక దక్షిణం నుంచి ఒడ్డెంబడి కొట్టుకొచ్చే ఇసకంతా అక్కడే ఆగిపోయి మెరీనా వెడల్పయింది, రాయపురం నుంచి ఎన్నూరు వైపు ఒడ్డు కోసుకుపోయింది. ఇప్పుడు చాలాచోట్ల బండరాళ్ళే, వాటి మీదకి వల లాగితే చిరిగి పేలికలవదా? వచ్చినవాళ్ళంతా మెరీనా ఎంత పెద్దదో అని మెచ్చుకుంటారు, ఆ ఇసక ఎవరి ఒడ్డుకి చేరాల్సిందో ఒక్కరూ అడగరు.

మీకు ఇసకుంది, అదృష్టవంతులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులూ ఊళ్ళోనే దొరుకుతారు, మీటింగ్ అప్పుడు పెట్టండి, చేపలమ్మే ఆడవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. పండగ తేదీ, వల వేసే టైము నీళ్ళు తెలిసిన పెద్దల్నే చెప్పమనండి. గెస్టు గారు ఆలస్యంగా వస్తే తాడు చివర నిలబెట్టండి, లాగితే ఆయనకీ వాటా ఇవ్వండి.