కాలేజీ ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ కావాలంటే దారి ఎలా ఉంటుంది? దానితో ఇల్లు గడుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: మీ అబ్బాయి డాలస్ దగ్గర హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడాది. అక్కడి టీమ్‌లో చోటు రాలేదు గానీ, కాలేజీ కోచ్ అవుతానని పట్టుబట్టాడు. కాలేజీలో ఆడనివాణ్ని కోచ్‌గా తీసుకుంటారా, తీసుకున్నా బతుకు వెళ్తుందా అని మీ టెన్షన్.

నా సంగతి ముందు చెప్తాను. ఎనిమిదో తరగతి దాకా విజయవాడలో చదివి, నాన్న ఉద్యోగం వల్ల టెక్సస్ వచ్చాను. హైస్కూల్లో ఆడాను, కాలేజీలో ఆడలేదు. స్టూడెంట్ అసిస్టెంట్‌గా మొదలై, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేసి, ఒక డివిజన్ 2 (డివిజన్ 1 కింది స్థాయి) కాలేజీలో టైట్ ఎండ్స్ (ఎదుటివాళ్లని అడ్డుకుంటూ, పాస్ కూడా అందుకునే ఆటగాళ్లు) కోచ్ అయ్యాను. ఇప్పుడు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతూ ఆఫెన్సివ్ లైన్‌కి (బంతి మనదైనప్పుడు ముందు వరసలో అడ్డుగా నిలబడేవాళ్లు) కోచింగ్ ఇస్తున్నాను. మీ అబ్బాయి వెళ్దామనుకుంటున్న దారిలో చాలా దూరం నడిచినవాణ్ని కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు: తీసుకుంటారండీ. మైక్ లీచ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడలేదు. పెప్పర్‌డైన్‌లో లా డిగ్రీ చేసి, అది పక్కన పెట్టి 1987లో కాల్ పాలీలో అసిస్టెంట్‌గా చేరారు. మధ్యలో ఫిన్లాండ్‌లో ఒక క్లబ్బుకి కూడా కోచింగ్ ఇచ్చారు. ఆ తర్వాత ఐయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో చేరారు. అక్కడి హెడ్ కోచ్, ఆయనా కలిసి తయారుచేసిన ఎయిర్ రెయిడ్ అనే పాసింగ్ (బంతి విసిరి ముందుకెళ్లే) పద్ధతిని ఈరోజు హైస్కూళ్ల నుంచి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా ఏదో ఒక రూపంలో అందరూ వాడుతున్నారు. ఆ హెడ్ కోచ్‌తో పాటే వాల్డోస్టా స్టేట్‌కి, అక్కడినుంచి కెంటకీకి వెళ్లి, 2000లో టెక్సస్ టెక్‌కి హెడ్ కోచ్ అయ్యారు. ఆడినవాళ్లకి కొన్ని తలుపులు తొందరగా తెరుచుకుంటాయి, ఆ మాట నిజమే. కానీ ఆడనివాళ్లకి తలుపులు మూసి లేవు.

ఇక మెట్లు. చదువుకుంటూ చేసేది స్టూడెంట్ అసిస్టెంట్ పని. చాలాచోట్ల డబ్బులు ఇవ్వరు, ఇచ్చినా గంటల లెక్కన కొద్దిగా. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: మాస్టర్స్‌లో చేరి ఉండాలి, సాధారణంగా ఫీజు కాలేజీ చూసుకుంటుంది, చేతికి కొంత స్టైపెండ్ వస్తుంది. ఆ పైన క్వాలిటీ కంట్రోల్, అనలిస్ట్ ఉద్యోగాలు, అంటే ఎక్కువగా వీడియోలు చూసి ఆటని విశ్లేషించే పని. వాటి పైన పొజిషన్ కోచ్, అంటే ఆటలో ఒక్కో స్థానం వాళ్లకి నేర్పే రన్నింగ్ బ్యాక్స్ కోచ్, లైన్‌బ్యాకర్స్ కోచ్ లాంటివాళ్లు. టీవీలో ‘అసిస్టెంట్ కోచ్’ అనేది వీళ్లనే. వీళ్ల పైన ఆఫెన్స్‌నో డిఫెన్స్‌నో మొత్తంగా చూసుకునే కోఆర్డినేటర్, ఆ పైన హెడ్ కోచ్.

డివిజన్ 1 పై స్థాయిలో, అంటే 2025 సీజన్లో 136 టీమ్‌లున్న ఎఫ్‌బీఎస్‌లో, 2018 నుంచి ఒక్కో టీమ్‌కి పదిమంది అసిస్టెంట్లనే అనుమతించేవారు. అనలిస్టులు ఎంతమందైనా ఉండొచ్చు, కానీ ప్రాక్టీసులో ఆటగాడికి నోరు విప్పి టెక్నిక్ చెప్పకూడదు. 2024లో కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఈ రూలు తీసేసింది. ఇప్పుడు అనలిస్ట్ కూడా మైదానంలో నేర్పించొచ్చు. రిక్రూటింగ్ కోసం, అంటే కొత్త ఆటగాళ్లని చేర్చుకోవడం కోసం బయటికి వెళ్లడానికి మాత్రం పరిమితి అలాగే ఉంది. ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చే కుర్రాళ్లకి ఇది నిజంగా మంచి మార్పు. మా రోజుల్లో ఏళ్లకి ఏళ్లు వీడియో ముందు కూర్చున్నవాళ్లకి ‘ఇతను నేర్పగలడా’ అని ఎవరికీ తెలిసే అవకాశమే ఉండేది కాదు.

అయితే ఈ మెట్లు ఎక్కడం ప్రమోషన్ల లిస్టు లాగా జరగదు, మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. కాలేజీ వెబ్‌సైట్‌లో పోస్టు కనబడేసరికి అది ఎవరికో ఖాయమైపోయి ఉంటుంది. ఎప్పుడో ఎక్కడో మీ పక్కన కూర్చుని పనిచేసినవాడు, ఇంకో కోచ్‌కి ఫోన్‌లో మీ పేరు చెప్తాడు. అంతే, ఉద్యోగం అలాగే వస్తుంది.

కర్బీ స్మార్ట్ సంగతే చూడండి. జార్జియా యూనివర్సిటీలో సేఫ్టీగా (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాడు) ఆడి, 1999లో అక్కడే చిన్న ఆఫీసు ఉద్యోగంలో చేరారు. 2000లో డివిజన్ 2 కాలేజీ అయిన వాల్డోస్టా స్టేట్‌కి వెళ్లారు. అక్కడ డిఫెన్సివ్ కోఆర్డినేటర్ విల్ మస్‌చాంప్; ఇద్దరూ జార్జియాకే ఆడినవాళ్లు. మస్‌చాంప్ మరుసటి ఏడాది ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) హెడ్ కోచ్ నిక్ సాబన్ దగ్గరికి వెళ్లారు. స్మార్ట్ వాల్డోస్టాలోనే కోఆర్డినేటర్ అయ్యారు. ఆ తర్వాత జరిగింది గమనించండి: కోఆర్డినేటర్‌గా చేసిన మనిషి ఫ్లోరిడా స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరారు, అంటే రెండు మూడు మెట్లు కిందికి దిగారు. 2004లో ఎల్‌ఎస్‌యూలో సాబన్ స్టాఫ్‌లోకి వెళ్లారు, అప్పటికి మస్‌చాంప్ అక్కడే ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకి అలబామా, 2015 డిసెంబరులో జార్జియా హెడ్ కోచ్, 2021, 2022 సీజన్లలో జాతీయ చాంపియన్. 2021లో మస్‌చాంప్ వచ్చి స్మార్ట్ దగ్గరే చేరారు. ఈ బంధం గట్టిపడింది ఏ పెద్ద స్టేడియంలోనో కాదు, వాల్డోస్టాలో.

ఆరెగాన్ హెడ్ కోచ్ డాన్ లానింగ్‌ది ఇంకా దూరపు ప్రయాణం. విలియం జ్యూయెల్ అనే చిన్న కాలేజీలో ఆడి, మిస్సోరీలో హైస్కూల్ కోచ్‌గా ఉండేవారు. 2011లో రాత్రంతా కారు నడుపుకుంటూ పిట్స్‌బర్గ్ వెళ్లి, అక్కడ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా అడుగుపెట్టారు. 2014లో సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో పొజిషన్ కోచ్ అయ్యారు. 2015లో దాన్ని వదులుకుని అలబామాలో మళ్లీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్! అలబామాలో స్మార్ట్ కోఆర్డినేటర్‌గా ఉన్నది అప్పుడే. 2018లో జార్జియాకి పిలిచింది కూడా స్మార్టే. ముప్ఫై అయిదేళ్లకి ఆరెగాన్ హెడ్ కోచ్ అయ్యారు.

పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్లకి శనివారం మ్యాచ్ ఒక్కటే కనబడుతుంది. నేను స్టూడెంట్ అసిస్టెంట్‌గా డిఫెన్స్ వైపు ఉండేవాణ్ని. వచ్చే వారం ఆడబోయే టీమ్ వీడియోలు తీసుకుని, ఒక్కో ప్లేకి ఒక వరస నింపాలి: ఎన్నో డౌన్ (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హ్యాష్ (మైదానం మధ్యలోని గీతలు) మీద ఉంది, పర్సనెల్ (మైదానంలో ఏ స్థానం వాళ్లు ఎంతమంది) ఏంటి (11 అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, 12 అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు), ఫార్మేషన్ (ఎలా నిలబడ్డారు), మోషన్ (బంతి కదలకముందు ఎవరు కదిలారు), చివరికి రన్నా (బంతి పట్టుకుని పరుగు) పాసా. ఒక్కో మ్యాచ్‌లో అరవై డెబ్బై ప్లేలుంటాయి, అలాంటి మ్యాచులు మూడు నాలుగు. ఆదివారం రాత్రికి అది పూర్తయితే, సోమవారం నుంచి స్కౌట్ టీమ్ కార్డులు గీయడం. మనవాళ్లలో కొందరు ప్రత్యర్థి టీమ్‌లా ఆడి చూపించాలి కదా, వాళ్లు ఎక్కడ నిలబడాలో, ఎటు పరుగెత్తాలో గుండ్రాలూ బాణాలూ గీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ప్రాక్టీసులో వాళ్ల ముందు ఎత్తి పట్టుకోవాలి. వానైనా ఎండైనా అంతే.

ఒక వారం అలా చూస్తుంటే, మైదానం చివర ఎండ్ జోన్ వైపు నుంచి తీసిన వీడియోలో అవతలి టీమ్ రైట్ టాకిల్ (ఆఫెన్సివ్ లైన్‌లో కుడి చివరివాడు) పాదం మీద నా కన్ను పడింది. పాస్ అయితే బంతి కదలకముందే వెనక కాలి మడమ నేలకి ఆనించేవాడు. రన్ అయితే మడమ లేచి ఉండేది, బరువంతా నేలమీద పెట్టిన చేతి మీద. డిఫెన్సివ్ లైన్ కోచ్‌కి చూపించాను. ఆయన రిమోట్ తీసుకుని ఆ పాదాన్నే చూస్తూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయారు. నాతో ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున మీటింగ్‌లో ఆ క్లిప్పులే మొదట వేశారు. శనివారం మా డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ ముందు వరసలో చివరివాడు) ఆ మడమ చూసి కదలడం నేను సైడ్‌లైన్ నుంచి చూశాను. తర్వాతి వారం నుంచి ఆయన మీటింగ్ గదిలో నాకో కుర్చీ ఉండేది. కొన్నేళ్లకి నాకు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అప్పటికి ఆయన వేరే కాలేజీలో ఉన్నారు, నేను అప్లికేషన్ పెట్టలేదు, ఆయనే ఫోన్ చేశారు.

రిక్రూటింగ్ గురించి పిల్లలు అస్సలు ఆలోచించరు. పొజిషన్ కోచ్ పనిలో అది సగం. ఒక్కో అసిస్టెంట్‌కి ఒక్కో ప్రాంతం అప్పగిస్తారు. హైస్కూళ్లకి వెళ్లి కోచ్‌లతో మాట్లాడాలి, ఆటగాడి మార్కులు చూడాలి, వాళ్లింట్లో కూర్చుని అమ్మానాన్నలకి నమ్మకం కలిగించాలి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు వేరే కాలేజీకి మారడానికి పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక ఈ పని రెట్టింపైంది. సంతకం పెట్టించుకున్న కుర్రాణ్ని నిలబెట్టుకోవడం కూడా కోచ్ పనే. 2025 నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇస్తున్నాయి కాబట్టి మాటలన్నీ డబ్బు దగ్గరికే వస్తున్నాయి. కానీ ఒకటి చెప్తాను, ఇంటికొచ్చినవాళ్లని కూర్చోబెట్టి మర్యాద చేసే ఇళ్లలో పెరిగిన మన పిల్లలు ఆ డ్రాయింగ్ రూముల్లో బాగానే నెగ్గుకొస్తారు. తల్లి మాట వినడం, తాతగారిని పలకరించడం ఎవరూ నేర్పక్కర్లేదు వాళ్లకి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన విషయం, డబ్బు, స్థిరత్వం. ఎస్‌ఈసీలో (జార్జియా, అలబామా లాంటి పెద్ద కాలేజీలున్న లీగ్) పెద్ద కోఆర్డినేటర్లకి ఏడాదికి 20 లక్షల డాలర్లు దాటుతుంది. పేపర్లో కనబడేవి ఆ అంకెలే. చిన్న కాలేజీల్లో అసిస్టెంట్‌కి స్కూల్ టీచర్ జీతం కన్నా తక్కువ రావడం మామూలే. కొన్నిచోట్ల పార్ట్ టైమ్ కింద పెట్టుకుని, హాస్టల్ గదో, మెస్‌లో భోజనమో కలిపి ఇస్తారు. ఇరవై రెండేళ్లవాడికి ఫర్వాలేదు. ముప్ఫై దాటి, పెళ్లయి, పిల్ల స్కూల్లో చేరాక అదే జీతం అంటే చాలా కష్టం.

ఇంకా కష్టమైనది, మీ పని మీ చేతిలో ఉన్నా మీ ఉద్యోగం మీ చేతిలో లేకపోవడం. హెడ్ కోచ్‌ని తీసేస్తే ఆయన స్టాఫ్‌లో చాలామంది వెళ్లిపోవాల్సిందే. 2023 నవంబరులో టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ తన హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు ఆయనకి చెల్లించాల్సిన మొత్తం 7.5 కోట్ల డాలర్లకి పైనే అని అన్ని పేపర్లూ రాశాయి. అసిస్టెంట్ల కాంట్రాక్టుల్లో అంత పెద్ద మొత్తాలు ఉండవు. నేను పనిచేసిన కాలేజీలో సీజన్ చివరి మ్యాచ్ మర్నాడే హెడ్ కోచ్‌ని పంపించేశారు. మా టైట్ ఎండ్‌లు ఆ ఏడాది బాగా ఆడారు, అయినా దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మధ్యాహ్నం కూడా నేను రిక్రూట్ చేస్తున్న ఒక కుర్రాడి తండ్రి ఫోన్ చేసి, ‘మావాడు మీ దగ్గరే ఆడతాడు కదా కోచ్?’ అని అడిగారు. ఆయనకి ఏం చెప్పాలో నిర్ణయించే హక్కు అప్పటికే నాది కాదు. ఇప్పటికీ ఆ కుటుంబం పట్ల నాకు బాధ ఉంది. ఆ జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశానికి వెళ్తే, హోటల్ లాబీ నిండా నాలాంటివాళ్లే. చేతిలో రెజ్యూమె, కళ్లు మాత్రం గుమ్మం వైపు. ఉద్యోగాలు దొరికినవాళ్లకి అక్కడికి రాకముందే ఫోన్లు వచ్చేశాయి.

నాకూ ఒక ఫోన్ వచ్చింది, ఆరు రాష్ట్రాల అవతల. మా ఆవిడ అప్పుడు నర్సింగ్ చదువు మధ్యలో ఉంది. ఆలోచించి హైస్కూల్‌కి వచ్చేశాను. టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్లలో కోచ్ అంటే సాధారణంగా ఆ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలం ఉద్యోగి, అందుకే మేం పాఠాలూ చెబుతాం. జీతం, ఇన్సూరెన్స్, పెన్షన్ ఉన్నాయి. శుక్రవారం రాత్రి స్టేడియం నిండుతుంది. నాకు ఇది ఇష్టంగానే ఉంది. మీ అబ్బాయికి ఈ దారి కూడా కోచింగ్ కిందికే వస్తుందని చెప్పండి.

పెద్ద పేరున్న యూనివర్సిటీలో వీడియో కట్ చేయడమా, చిన్న కాలేజీలో నిజంగా ఒక పొజిషన్‌కి నేర్పించడమా అనే ఎంపిక అతనికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. స్నేహితులందరూ పెద్ద పేరే తీసుకోమంటారు. నేను మొదట చిన్న కాలేజీకే వెళ్లమంటాను. ఒక గదిలో ఎనిమిదిమంది కుర్రాళ్లని కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పింది వాళ్ల కాళ్లలో శనివారం కనబడుతుందో లేదో తేల్చుకుంటే, ఆ తర్వాత స్మార్ట్ లాగా, లానింగ్ లాగా మెట్టు దిగి పెద్ద చోటికి వెళ్లినా నీ దగ్గర చూపించుకోవడానికి ఒకటుంటుంది.

ఇప్పటికి చేయాల్సింది: మెయిల్ పెట్టి ఊరుకోకుండా, తన యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆఫీసుకి స్వయంగా వెళ్లి డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్‌నో, వీడియో కోఆర్డినేటర్‌నో కలవమనండి. స్ప్రింగ్ ప్రాక్టీసులు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి. దానికి ముందు వెళ్తే మంచిది, కెమెరా పట్టుకోవడానికి వాళ్లకి మనుషులు కావాలి. డిగ్రీ మాత్రం మార్చొద్దనండి. లెక్కలో, స్టాటిస్టిక్సో, ఎడ్యుకేషనో ఏదైనా సరే, ఇటు టీమ్‌లోనూ పనికొస్తుంది, అటు ఉద్యోగం పోయిన డిసెంబరులో కూడా పనికొస్తుంది. ఒక పూర్తి సీజన్ ఆ పని చేశాక కూడా ఆదివారం పొద్దున్నే లేచి ఆఫీసుకి పరుగెత్తుతుంటే, మీరు అడ్డు చెప్పకండి. అతను మాట్లాడతానంటే నాకు మెసేజ్ పెట్టమనండి. సీజన్లో జవాబు ఆలస్యమవుతుంది, డిసెంబరు తర్వాత అయితే సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.